వంత పాడే పెట్టె

(విజయనగరంలో ఒక ఆదివారం సాయంత్రం, గిటారు నేర్చుకుంటున్న కుర్రకారు ముందు చేసిన ప్రసంగం ఇది. వక్త చాలా ఏళ్లు ఆర్కెస్ట్రాల్లో గిటారు వాయించి, ఇప్పుడు సౌండు సామాను రిపేరు చేస్తున్నారు. మాట్లాడింది దాదాపు మాట్లాడినట్టే ఇచ్చాం.)

అందరికీ నమస్కారం. వెనకాల గోడకి ఆనుకుని నిలబడ్డ బాబులూ, ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలున్నాయి. ఫ్యాన్లు ఆపించాను, ఏమీ అనుకోకండి. ఆ రెగ్యులేటరు గుర్రు నా గిటారు పికప్‌లోకి, అంటే తీగల కదలికని పట్టే భాగంలోకి, వచ్చేస్తోంది. ఒక అరగంట చెమట ఓర్చుకోండి.

ఈ బల్ల మీదున్న నల్లపెట్టె చూశారుగా. వచ్చేటప్పుడు ఒకాయన అడిగారు, ఇది పాత డీవీడీ ప్లేయరా అని. చూడ్డానికి అలాగే ఉంటుంది. 19 అంగుళాల వెడల్పు, రెండు పక్కలా చెవుల్లాంటి రేకులు, ఆ చెవులకి బెజ్జాలు. స్టూడియోల్లో ఇనప బీరువా ఫ్రేముకి ఒకదాని మీద ఒకటి బిగించుకునే కొలత అది. అందుకే ర్యాక్ సామాను అంటాం. ఇది డిజిటల్ డిలే. మీరు వాయించిన స్వరాన్ని దాచుకుని కాసేపాగి మళ్లీ వినిపిస్తుంది. అంతకుమించి దీనికి వేరే పని రాదు.

మా రోజుల్లో ఎకో అంటే మైకు ఎకోయే. పాడేవాడు స్టేజి ఎక్కగానే సౌండు కుర్రాడి వైపు చూసి చెయ్యి గాల్లో గుండ్రంగా తిప్పేవాడు, ఎకో పెంచమని. గొంతు ఎంత బాగోకపోతే చెయ్యి అంత ఎక్కువ తిరిగేది. (నవ్వులు) గిటారుకి ఎకో ఏమిటని అడిగేవాళ్లు. నేను ఈ పెట్టె తెచ్చుకున్న కొత్తలో ఒక పండగ ప్రోగ్రాం అయ్యాక కమిటీ పెద్దాయన వచ్చి, "ఏటి బాబూ, నువ్వొక్కడివే కదా వాయించింది, నలుగురు వాయించినట్టు వినబడతందేటి? డబ్బులు మాత్రం ఒక్కడికే ఇస్తాను" అన్నాడు. ఇచ్చింది కూడా ఒక్కడికి సరిపడా కాదులెండి.

అసలు ఈ యంత్రాలు గిటారు కోసం పుట్టలేదు. ఎందుకు పుట్టాయో ఈ ఊరివాళ్లకి చెప్పడం చాలా తేలిక. పైడితల్లమ్మ పండక్కి మూడు లాంతర్ల నుంచి కోట దాకా స్తంభం స్తంభానికి మైకు హారన్లు కడతారు కదా. మీరు కోట దగ్గరున్న హారను కింద నిలబడ్డారనుకోండి. తీగలో కరెంటుకి టైము పట్టదు, కాబట్టి మాట ఆ హారన్లోంచి వెంటనే వస్తుంది. కానీ 100 మీటర్ల వెనక ఉన్న హారన్లోని అదే మాట గాల్లో నడిచి రావాలి. గాలిలో శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. అంటే ఆ రెండో మాట 290 మిల్లీసెకన్లు ఆలస్యంగా మీ చెవిన పడుతుంది. "భక్తులారా" అన్నది "భక్తుక్తులారాలారా" అయిపోతుంది. దీనికి మందు ఏమిటంటే, దూరంగా ఉన్న హారన్లకి వెళ్లే శబ్దాన్ని కావాలనే అంతసేపు ఆపి పంపడం. అప్పుడు రెండూ కలిసి వస్తాయి. మొదట్లో డిజిటల్ డిలేని పెద్ద హాళ్లలో వాడింది ఈ పనికే.

1971లో అమెరికాలో రెండు కంపెనీలు ఇంచుమించు ఒకేసారి వీటిని తెచ్చాయి, ఈవెంటైడ్ ఒకటి, లెక్సికాన్ ఇంకొకటి. లెక్సికాన్ పెట్టిన ఫ్రాన్సిస్ లీ ఎంఐటీ అనే యూనివర్సిటీలో ప్రొఫెసరు. ఆయన మొదట గుండె చప్పుడు పరిశీలించడానికి ఒక డిజిటల్ డిలే తయారుచేశాడు. అక్కడే ఉన్న బ్యారీ బ్లెసర్, దీంట్లోకి గుండె చప్పుడు బదులు సంగీతం పంపి చూద్దామన్నాడు. మనం ఇవాళ స్టేజి మీద వాడుతున్నదానికి మూలం డాక్టర్ల సామాను. నాకు ఈ కథ ఇష్టం, అందుకే చెప్పాను. గిటారుకి దీంతో సంబంధం లేదు.

గిటారు వాళ్ల చేతికి ఇవి బాగా అందింది 1980ల్లో. ఎందుకు అప్పటిదాకా ఆగాల్సొచ్చిందంటే, మెమరీ చిప్పుల ధర. ఈ లెక్క ఒకసారి మీతో చేయిస్తాను, ఫోన్లు తీయొద్దు. శబ్దాన్ని సెకనుకి 40 వేల సార్లు కొలుస్తున్నాం అనుకోండి. ఒక్కో కొలత 12 బిట్లు. ఒక్క సెకను దాచాలంటే ఎన్ని బిట్లు? 4 లక్షల 80 వేలు. 1970ల చివర్లో దొరికిన చిప్పులో పట్టేది 16 వేల చిల్లర బిట్లు, అంటే సెకనుకి 30 చిప్పులు కావాలి. తర్వాత 65 వేల చిల్లర పట్టే చిప్పు వచ్చింది, అదే సెకనుకి 8 చాలు. ర్యాక్ డిలేలు గుట్టలుగా వచ్చింది అప్పుడే. ఆ ఒక్క సెకను ఇప్పటి లెక్కలో 60 కేబీ. మీ మావయ్యలు పొద్దున్నే వాట్సాప్‌లో పంపే గుడ్‌మార్నింగ్ పువ్వు బొమ్మ కూడా దానికంటే బరువుంటుంది. (నవ్వులు)

ఆ చిప్పులకి ఇంకో గుణముంది. వాటికి మతిమరుపు. లోపల దాచినదాన్ని ప్రతి రెండు నాలుగు మిల్లీసెకన్లకి ఒకసారి మళ్లీ చదివి గుర్తుచేస్తూ ఉండాలి, లేకపోతే మర్చిపోతాయి. పరీక్ష ముందురోజు మా వాడిలాగే. ఆ గుర్తుచేసే పని కూడా పెట్టెలోనే జరుగుతూ ఉంటుంది.

అప్పటి పేర్లు కొన్ని మీరు వినే ఉంటారు. కోర్గ్ ఎస్‌డీడీ-3000 అని 1982లో వచ్చింది, యూ2 అనే రాక్ బ్యాండులో గిటారిస్టు ది ఎడ్జ్ వాయించేది దానితోనే. రోలాండ్ ఎస్‌డీఈ-3000 1983లో, రాక్ గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్ అలాంటివి రెండు పెట్టుకున్నాడు. అదే ఏడాది ఆ రోలాండ్ పెట్టె కోసం చేసిన చిప్పునే చిన్న డబ్బాలో కూర్చి బాస్ డీడీ-2 అనే పెడల్ తెచ్చారు. కాలితో నొక్కే చిన్న పెడల్ రూపంలో వచ్చిన మొదటి డిజిటల్ డిలే అది. లెక్సికాన్ పీసీఎం-42, తర్వాత డెన్మార్క్ నుంచి టీసీ 2290. ఆ జాబితా చాలు, పేర్లు మీకు నెట్‌లో దొరుకుతాయి. ఇప్పుడు వీటికి సెకండ్‌హ్యాండ్‌లో గిటారు కంటే ఎక్కువ ధర చెబుతున్నారు. "ఆ పాత డిజిటల్ సౌండే వేరండీ" అంటారు. ఏమిటా వేరు అని అడిగితే చెప్పరు. నాకూ చాలాకాలం తెలీదు. తెలిసింది మాత్రం నా బుద్ధితక్కువ వల్ల.

చెన్నైలో ఒక స్టూడియో మూసేస్తుంటే ఒక జపాన్ పెట్టె కొన్నాను. వెనకాల 100 వోల్టులని రాసుంది. జపాన్‌లో ఇంటి కరెంటు 100 వోల్టులే మరి, మనది 230. మధ్యలో ఇటుకంత బరువున్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టుకుని వాడేవాణ్ణి. ఒకసారి పార్వతీపురంలో ప్రోగ్రాం. బస్సు దిగి సంచి విప్పితే ట్రాన్స్‌ఫార్మరు లేదు, ఇంట్లో మంచం కింద ఉండిపోయింది. ఇంకో అరగంటలో తెర లేవాలి. టెన్షన్‌లో ఏం చేశానంటే, కన్వర్టరు పిన్ను తగిలించి ప్లగ్గు నేరుగా బోర్డులో పెట్టేశాను. ఏం ఆలోచించానో ఇప్పటికీ చెప్పలేను. అంకెలు ఒక్కసారి జిగేల్మన్నాయి, టప్‌మని ఒక చప్పుడు, ఆ తర్వాత వాసన. కాలిన కెపాసిటరు వాసన ఒకసారి పీల్చినవాడు జన్మలో మర్చిపోడు, ఎండుచేప మాడినట్టుంటుంది.

ఆ రాత్రి గిటారు నేరుగా యాంప్లిఫైయర్‌కి పెట్టి వాయించాను. ఇక్కడ వినండి. ప్రోగ్రాం అయ్యాక ఎకో లేదేమని ఒక్కరు కూడా అడగలేదు. కీబోర్డు వాయించే మిత్రుడు మాత్రం, "ఇవాళ నీ గిటారు సన్నగా ఉందేంట్రా, జ్వరం తగిలినట్టు" అన్నాడు. సన్నగా! ఆ రోజు వాయించిన పాటల్లో సగానికి నేను మామూలుగా కూడా ఎకో వేయను. అయినా వాడికి తేడా తెలిసింది.

ఇంటికొచ్చి పెట్టె విప్పాను. పవర్ సప్లై భాగాలు మార్చాను, ప్రీయాంపు, అంటే సిగ్నలుని ముందుగా పెంచే భాగం, లేచింది. మెమరీ చిప్పులు మాత్రం పోయాయి, అవి దొరకడానికి 3 నెలలు పట్టింది. ఆ 3 నెలలూ ఎకో రాని ఎకో పెట్టెని స్టేజికి మోసుకెళ్లాను. ఎందుకంటే గిటారు దాంట్లోంచి వెళ్లి బయటికొస్తే మళ్లీ ఒళ్లు చేసేది. మా వాళ్లు నన్ను పిచ్చోడి కింద జమకట్టారు.

(గిటారు వాయించి చూపారు. ఒకసారి నేరుగా, ఒకసారి ఎకో పూర్తిగా తగ్గించి పెట్టె గుండా.)

విన్నారా? రెండోది కాస్త ముందుకొచ్చింది, పైన గరుకు తగ్గింది. ఇప్పుడు మోగింది డిలే కాదు, లోపలికి వెళ్లే దారి. ఈ పెట్టెలు స్టూడియో లెవెల్‌కి తగ్గట్టు చేసినవి. గిటారు నుంచి వచ్చేది బలహీనమైన సిగ్నలు. దాన్ని ముందు పెంచాలి, ఎక్కువైతే నొక్కాలి, తర్వాత కొలవాలి. ఎడ్జ్ ఆ కోర్గ్ పెట్టెని వాడిన తీరు కూడా ఇదే. దాని లోపలి ప్రీయాంపుతో గిటారు సిగ్నలుని బాగా లేపి, వాక్స్ ఏసీ30 యాంప్లిఫైయర్ ముక్కు మీద గుద్దేవాడు. జనం మెచ్చుకున్నది ఎకోని. ఎకో వెనకాల ఉన్న ఆ తోపుడుని ఎవరూ లెక్కలో వేసుకోలేదు.

బయటికొచ్చే దారి కూడా అంతే. సెకనుకి 40 వేల సార్లు కొలిస్తే 20 వేల హెర్ట్జ్ దాటిన శబ్దం లోపలికి రానివ్వకూడదు, వస్తే అపస్వరాలుగా మారి బయటికొస్తుంది. అందుకని లోపలికి ముందు ఒక ఫిల్టరు, బయటికొచ్చాక ఒక ఫిల్టరు. అప్పటి ఫిల్టర్లు కెపాసిటర్లతో, ఆప్‌యాంపులతో (సిగ్నలు పెంచే చిప్పులు) కట్టినవి. చాలా పెట్టెల్లో రిపీటు, అంటే తిరిగి వినిపించే స్వరం, బయటికొచ్చి, మళ్లీ మొదటి గుమ్మం నుంచే లోపలికి పోతుంది. ప్రతి చుట్టుకీ ఆ రెండు ఫిల్టర్లూ కాస్త కాస్త కొరుకుతాయి. మొదటి రిపీటు తెల్లగా, రెండోది చామనఛాయ, నాలుగోది వచ్చేసరికి నీడ. కొత్త పెడల్లో పదో రిపీటు కూడా మొదటిదానిలాగే మెరుస్తుంది, నా చెవికి అది మీద పడి అరుస్తున్నట్టుంటుంది. ఇది నా అభిప్రాయం, కాదనేవాళ్లు ఉండొచ్చు.

ఇంకోటి క్లాకు, అంటే కొలిచే వేగాన్ని నడిపించే గడియారం. కొన్ని పెట్టెల్లో మెమరీ కదలదు, కొలిచే వేగమే మారుతుంది. నిదానంగా కొలిస్తే అదే చిప్పుల్లో ఎక్కువసేపు పడుతుంది, కానీ శబ్దం మందమవుతుంది. రిపీటు మోగుతుండగా ఈ గుండీ తిప్పితే ఏమవుతుందో చూడండి.

(తిప్పి చూపారు. నవ్వులు.)

బ్యాటరీ అయిపోయిన టేపురికార్డరు పాటలా కుంగింది కదా. ఒక వేగంతో రాసుకున్నదాన్ని ఇంకో వేగంతో చదివింది, స్వరం జారింది. ఈ తిప్పడాన్ని పెట్టె తనే అతి నెమ్మదిగా, అతి కొద్దిగా చేస్తూ ఉంటే దాన్ని మాడ్యులేషన్ అంటాం. రిపీటు అసలు స్వరానికి ఒక వెంట్రుకవాసి అటూ ఇటూ ఊగుతుంది, ఇద్దరు వాయించినట్టుంటుంది. దీన్ని గమకం అని మాత్రం అనకండి, మ్యూజిక్ కాలేజీ వాళ్లు వింటే ఊరుకోరు.

ఆ కాలేజీ మాట వచ్చింది కాబట్టి లయ గురించి చెప్పాలి. ఈ ఊళ్లోనే 1919లో పెట్టిన కాలేజీ, మొదటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసుగారు. హరికథ చెబుతూ కాళ్లతో, చేతులతో వేరువేరు తాళాలు ఒకేసారి నడిపించిన మనిషి. ఆ ఊళ్లో నిలబడి లయ మీద మాట్లాడాలంటే నాకు కాళ్లు వణుకుతాయి. అయినా చెబుతాను, ఎందుకంటే ఇంగ్లీషు పుస్తకాల్లో డాటెడ్ ఎయిత్ అని రాసి పిల్లల్ని భయపెట్టేది మన మూడు మాత్రల తకిటే.

ఒక దెబ్బని నాలుగు మాత్రలు చేయండి. త-క-ధి-మి. డిలేని సరిగ్గా మూడు మాత్రల దూరంలో పెట్టండి. ఇప్పుడు గిటారు మీద ఒక మాత్ర వదిలి ఒకటి వాయించండి. అంటే త మీద ఒకటి, ధి మీద ఒకటి, మళ్లీ త, మళ్లీ ధి. త మీద వాయించినదాని రిపీటు మూడు మాత్రలు దాటి ఎక్కడ పడుతుంది? మి మీద. ధి మీద వాయించినది? తర్వాతి దెబ్బలో క మీద. మీరు త, ధి వాయిస్తున్నారు, పెట్టె క, మి నింపుతోంది. చెయ్యి నడుస్తున్నది నడకలో, వినిపించేది పరుగు.

(వాయించి చూపారు. చప్పట్లు.)

చప్పట్లు పెట్టెకి కొట్టండి, నేను సగమే వాయించాను. టైము ఎంత పెట్టాలో కాగితం మీద రాసుకోండి. 45 వేలని పాట టెంపోతో, అంటే నిమిషానికి పడే దెబ్బలతో, భాగిస్తే మిల్లీసెకన్లు వస్తాయి. టెంపో 100 అయితే 450. 120 అయితే 375. ఆ 375 అంటే ఎంతో తెలియాలంటే రామతీర్థం వెళ్లండి. అంతెత్తు బండ కదా, దానికి ఎదురుగా 64 మీటర్ల దూరంలో నిలబడి చప్పట్లు కొట్టారనుకోండి. శబ్దం వెళ్లి బండకి తగిలి తిరిగి రావడానికి పట్టేది అదే 375. గుళ్లో పూజ జరిగేటప్పుడు కొట్టకండి.

ఒక చిక్కుంది. డ్రమ్మరు టెంపో జారితే ఈ పెట్టె జారదు. అది కాగితం మీద అంకెకి కట్టుబడి ఉంటుంది. అప్పుడు రిపీట్లు తాళానికి అడ్డం పడి గలాటా చేస్తాయి. మా ఆర్కెస్ట్రాలో డ్రమ్మరు మంచి ఊపున్నవాడు, మూడో చరణానికి పది అంకెలు పెరిగిపోయేవాడు. అలాంటి చోట నేను రిపీట్లు ఒక్కటికి తగ్గించేవాణ్ణి, లేదా పూర్తిగా కట్టేసేవాణ్ణి. డ్రమ్మరుతో గొడవ పెట్టుకోవడం కంటే అది నయం.

టీసీ 2290 గురించి ఒక్క మాట. అది 1985లో వచ్చింది. దాంట్లో ఒక తెలివైన ఏర్పాటు ఉంది. మీరు వాయిస్తున్నంతసేపూ రిపీట్లు తగ్గి ఉంటాయి, మీరు ఆగగానే లేస్తాయి. బుర్రకథ చూసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. కథకుడు తంబురా మీటుతూ చెబుతున్నంతసేపూ వంతలిద్దరూ ఊఁ కొడుతూ ఉంటారు. ఆయన ఊపిరి తీసుకోగానే "తందాన తాన" అని అందుకుంటారు. కథకుడి మాట మీద వంత మాట పడితే కథ చెడుతుంది. మీ డిలే గట్టిగా పెట్టుకుని సోలో వాయిస్తే జరిగేది ఆ చెడడమే. ఆ తెలివైన ఏర్పాటు పేరే డకింగ్. మీ పెడల్లో ఆ గుర్తు ఉంటే ఇవాళే తిప్పి చూడండి.

(శ్రోతల్లోంచి ఒకమ్మాయి: సార్, మరి పాత ర్యాక్ కొనమంటారా? నా దగ్గర మామూలు పెడల్ ఉంది.)

కొనొద్దమ్మా. రిపేరు చేసేవాణ్ణి, గిరాకీ పోగొట్టుకుంటున్నా, అయినా చెబుతున్నాను. నీ పెడల్‌కి ముందు ఒక చిన్న బూస్టరు పెట్టు, సిగ్నలు కాస్త లేపు. రిపీట్ల పైభాగం కోసే టోన్ గుండీ ఉంటే సగానికి పైగా కోసెయ్. మాడ్యులేషన్ ఉంటే, ఉందో లేదో తెలియనంత పెట్టు. రిపీట్లు రెండు, మహా అయితే మూడు. ఆ పాత పెట్టెలో మనం ఇష్టపడేదాంట్లో ముప్పాతిక ఇదే. మిగతా పాతిక కోసం ఒక ఇటుక ట్రాన్స్‌ఫార్మరు మోస్తావా అన్నది నీ ఇష్టం.

(ఒక అబ్బాయి: నేను ఆల్రెడీ కొనేశాను సార్.)

కొనేశావా! (నవ్వులు) సరే, అయితే ఇది విను. ముందు వెనకాల వోల్టులు చదువు. 100 ఉందా, 117 ఉందా, 220 ఉందా. నా కథ విన్నావుగా. తర్వాత మూత విప్పి, లోపల బిళ్ల బ్యాటరీ ఉందేమో చూడు, సెట్టింగులు గుర్తుంచుకునే పెట్టెల్లో ఉంటుంది. అది కారితే బోర్డు మీద రాగి గీతల్ని తినేస్తుంది. కారకముందే మార్చెయ్. 40 ఏళ్ల నాటి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి, పవర్ సప్లైలోవి ముందు మార్పించు. మీది ఏ ఊరు? కళింగపట్నమా. అయితే ఇంకా జాగ్రత్త, ఉప్పుగాలి. సాకెట్లలో కూర్చున్న చిప్పుల కాళ్లకి చిలుము పడుతుంది. కరెంటు తీసేసి ఒక్కో చిప్పునీ మెల్లగా పైకి లేపి మళ్లీ నొక్కు, సగం జబ్బులు దాంతోనే పోతాయి.

చప్పుడు వస్తుంటే ఎక్కడ వస్తోందో చెవితోనే పట్టొచ్చు. ఎకో పూర్తిగా తగ్గించినా గరగర ఉంటే జబ్బు ముందు గదిలో ఉన్నట్టు, అంటే ప్రీయాంపో పవరో. నేరు శబ్దం శుభ్రంగా ఉండి రిపీటు మాత్రం గీరుకుంటే మెమరీ చిప్పుల్లో ఒకటి పోయినట్టు. ఏ చిప్పో తెలియకపోతే పక్కపక్కవి రెండు మార్చి చూడు. జబ్బు రకం మారితే వాటిల్లోనే ఉంది.

టైము అయిపోయిందంటున్నారు. ఇక ఒక్కొక్కరే వచ్చి ఈ పెట్టె తిప్పి చూసుకోండి, గిటారు కూడా ఇస్తాను. ఎడమ గుండీ లోపలికి, కుడి చివరిది రిపీట్లు. రిపీట్ల గుండీ మూడు వంతులు దాటించకండి, దాటితే అరుపు ఆగదు, పక్కింటివాళ్లొస్తారు. బల్ల కింద ఉన్న ఇటుకని మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు. ఈసారి మర్చిపోకుండా తెచ్చాను. ఫ్యాన్లు వేసెయ్యండి బాబూ.